శుక్రవారం సాక్ష్యం

శుక్రవారం పొద్దున్నే బిర్యానీ వండడం మా ఇంట్లో నియమం. సౌదీలోని ధహ్రాన్‌లో మా ఇంటి ప్రార్థన ముగిశాక, తెనాలిలోని మా చర్చి సంఘానికి వీడియోలో నేను సాక్ష్యం చెప్పాలి. నా వెనక బల్ల మీద నిండు గిన్నెలు కనిపించాలి. "కాస్త నవ్వు రెబెక్కా. చావు కబురు చెప్తున్నట్టు ఆ మొహమేంటి?" అంటారు మా ఆయన ఎరిక్. అక్కడ వాళ్ళది ఉపవాస ప్రార్థన. పస్తున్నవాళ్ళకి బిర్యానీ చూపించడమేంటండీ అని ఒకసారి అడిగాను. "దేవుడి దీవెన చూపిస్తున్నాం" అన్నారు.

సౌదీ వాళ్ళకి సరిపడా ఉద్యోగాలివ్వలేదని ఆయన కంపెనీ నితాఖత్ ఎరుపు జాబితాలో పడి ఏడాదవుతోంది. జీతం లేదు, ఇక్కడ ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు రెన్యువల్ కాలేదు. నేను పక్క బిల్డింగు బ్యాచిలర్లకు రెండు పూటలా వండి పంపితే ఇల్లు గడుస్తోంది. ఆ బిర్యానీ వాళ్ళదే. వీడియో అయ్యాక డబ్బాల్లోకి సర్దేస్తాను. అత్తయ్య మాత్రం ఫోన్లో, "మావాడి రెక్కల మీద మహారాణిలా ఉన్నావమ్మా" అంటుంది. నా పేరున సర్కారుకి కట్టే లెవీ మాట వచ్చినప్పుడల్లా ఎరిక్, "నువ్వు ఇక్కడ గాలి పీల్చినందుక్కూడా నేనే కట్టాలి" అంటారు.

నిన్న సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతుంటే మా ఏంజెల్ స్కూలు ప్రాజెక్టు తెచ్చి చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు అరబ్బు దేశాల్లో పంచిన ప్రచారం బొమ్మలు. ఒకదాంట్లో తెల్లావిడ ఒకామె పిల్లలకి టీ పోస్తూ నవ్వుతోంది.

"కింద అరబ్బీలో ఏం రాశారే?"

"మా ఇళ్ళల్లో అంతా క్షేమం అని, మమ్మీ."

"నిజంగానే క్షేమమా?"

"ఎక్కడ! లండన్ మీద బాంబులు, తిండికి రేషను. కానీ అరబ్బులు తమ వైపే ఉండాలిగా. డాడీ అప్పుడుంటే మంచి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు!"

నాకు నవ్వు రాలేదు. "ఆవిడకి అరబ్బీ వచ్చా?"

"ఎందుకొస్తుంది? తన బొమ్మ కింద ఏం రాశారో కూడా తెలిసుండదు."

రాత్రంతా ఆవిడే గుర్తొచ్చింది. నవ్వమని ఎవరు చెప్పి ఉంటారు? ఫొటో అయ్యాక ఆ కప్పులు ఎవరు కడిగారు? ఆ నవ్వు చూసి ఎక్కడో ఏ తల్లయినా కొడుకుని యుద్ధానికి పంపిందా? పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. నాకు అన్నీ తెలుసు. నా బొమ్మ కింద మాటలు నా తెలుగులోనే, నా నోటితోనే వస్తున్నాయి.

ఇవాళ ఫోను స్టాండుకి బిగిస్తూ ఎరిక్ అన్నారు. "సుజిత వింటుంది. ఇక్కడ దాన్ని రమ్మంటున్న ఆ క్లినిక్ మంచిదని ఒక్క మాట వెయ్యి. సోమవారం రాజీనామా ఇచ్చేస్తుంది."

సుజిత నా చెల్లెలు, గుంటూరులో నర్సు. ఇద్దరు పిల్లలు దాని జీతం మీదే బతుకుతున్నారు. నర్సుల్ని తెస్తే ఎరిక్‌ని తన స్పాన్సర్‌షిప్‌లోకి తీసుకుంటానని ఆ క్లినిక్ మేనేజరు ఆశపెట్టాడు.

"అక్కడ నర్సులకి జీతాలివ్వట్లేదని మదార్బీ చెప్పింది కదండీ. తనూ అక్కడే చేస్తోంది."

"ముందు రానీ. కొత్త స్పాన్సర్ కిందికి నాకు కఫాలా మారకపోతే ముగ్గురం రోడ్డున పడతాం. నీకు విశ్వాసం లేదా?"

ఇది విశ్వాసమేనా ప్రభువా అని లోపలే అడిగాను. ఫోనులో తెనాలి కనిపించింది. ఉపవాసంతో వాడిన ముఖాలు. ముందు వరసలో సుజిత, నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ప్రైజ్ ద లార్డ్" అన్నాను. ఎరిక్ ఫోను వెనక నిలబడి రెండు వేళ్ళతో తన పెదాలు సాగదీసి చూపించారు. నేను నవ్వలేదు.

"సుజితా, ఆ ఉద్యోగం వదలకు. ఇక్కడికి రావద్దు. ఇన్ని శుక్రవారాలు నేను దేవుడి గురించి చెప్పిందంతా నిజం. మా గురించి చెప్పిందే అబద్ధం."