బొమ్మ లేని దుప్పటి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పేదానికి అది పనికిరాదని మా ఆయన దెప్పుతుంటాడు. పిల్లల మీద నాకెప్పుడూ కోపం రాదు. బడి అయిపోగానే వాళ్లను ఓ మూల కూర్చోబెట్టేసే పెద్దవాళ్ల మీదే వస్తుంది.

చిట్టికి పంతొమ్మిదేళ్లు. ఏదైనా నెమ్మదిగా నేర్చుకుంటుంది, నేర్చుకున్నది మాత్రం మర్చిపోదు. ఈ ఏడాదితో తన బడి అయిపోతుంది. ఆసుపత్రి లాండ్రీ సూపర్‌వైజరు వెంట నెల్లాళ్లు పడి, ఒక వారం పని చేయించి చూడటానికి ఒప్పించాను. ఆవిడకి నచ్చితే ఉద్యోగం. లేదంటే ఇంట్లో నాలుగు గోడలూ, టీవీ.

దుప్పటి మడతపెట్టే పద్ధతిని ఆరు కార్డుల మీద బొమ్మలుగా గీసి, రింగుకి గుచ్చి ఇచ్చాను. చిట్టి ఒక్క మడతా తప్పలేదు. కానీ ప్రతి దుప్పటికీ ఆగి నా మొహంలోకి చూసేది. నేను తలూపితేనే ఇంకోటి తీసేది. నేనూ మెడ నొప్పి పుట్టేలా ఊపాను. ఐదో రోజు సాయంత్రం సూపర్‌వైజరు నన్ను పక్కకి పిలిచింది.

"నాకు కావాల్సింది ఒక మనిషి మేడమ్, ఇద్దరు కాదు. రేపు ఆఖరి రోజు. మీరు లోపలికి రావద్దు."

నాకు తల తీసేసినట్టయింది. ఆసరా ఇస్తున్నాననుకుంటూ అడ్డంగా నిలబడింది నేనే.

మర్నాడు లోపలికి వెళ్లలేదు. బయట, తెరిచిన కిటికీ పక్కన నిలబడ్డాను. చిట్టి రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. తర్వాత కార్డులు చూసుకుంటూ పనిలో పడింది. పన్నెండో దుప్పటి చిరిగి ఉంది. చిరుగుకి నేను బొమ్మ గీయలేదు, ఆ సంగతి నాకు తట్టనే లేదు. చిట్టి కార్డులన్నీ తిప్పింది, మళ్లీ మొదటి నుంచి తిప్పింది. పక్కన దుప్పట్లు గుట్ట పడుతున్నాయి. తలుపు మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

చిట్టి ఆ దుప్పటి పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరకి నడిచింది.

"దీనికి బొమ్మ లేదు. ఏం చెయ్యాలి?"

ఆవిడ చిరుగులో వేలు పెట్టి చూసింది. మిగతావాళ్లు ఇలాంటివి చిరుగు కనపడకుండా లోపలికి మడిచి పంపేస్తారనీ, నర్సులొచ్చి తన మీద పడతారనీ గొణిగింది. చిరిగినవి మూలనున్న ఎర్ర బుట్టలో వెయ్యమంది. సోమవారం నుంచి పనిలోకి రమ్మంది.

ఇక ఆగలేక లోపలికి వెళ్లి, బ్యాగులోంచి ఖాళీ కార్డూ పెన్నూ తీశాను. చిట్టి రెండూ నా చేతిలోంచి తీసేసుకుంది.

"నేనే గీసుకుంటా టీచర్. మీరు వెళ్లండి, నాకు పనుంది."

వెళ్లాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. గేటు దాటేదాకా తలూపుతూనే ఉన్నాను.