ఒకటే యంత్రం, ఆరు తెరలు

పొద్దున్నే బాలకిషన్ పాత కంప్యూటర్ పక్కరేకు విప్పి, మెత్తటి బ్రష్షుతో ఫ్యాను రెక్కల మీది దుమ్ము దులుపుతున్నాడు. అశోక్‌నగర్‌లో మెస్సు పైనున్న స్టడీహాలు వెనకగది అది. కోఠిలో తుక్కు కింద కొన్న యంత్రం ఒక్కటే. దానికే ఆరు తెరలు, ఆరు కీబోర్డులు కలిపాడు. ఎవరి పేరు కొడితే వాళ్ల రాతలే తెరుచుకుంటాయి.

పొడవాటి మనిషి. యంత్రాల మీదికి వంగి వంగి వీపు అలాగే నిలిచిపోయింది. వయసులో ఉన్నప్పుడు బషీర్‌బాగ్ ఆఫీసులోనూ ఇదే పని: లోపల ఒక యంత్రం, బయట గుమాస్తాలందరికీ తెరలు. తెరలు ఆగిన రోజున తప్ప అక్కడెవరికీ ఆయన పేరు గుర్తొచ్చేది కాదు. పేరు వినబడని రోజే మంచిరోజనుకునేవాడు.

ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలొచ్చి కూర్చున్నాక లోపలి డిస్కు టక్కుటక్కుమనసాగింది. ఆ చప్పుడు ఆయనెరిగినదే. డిస్కు పోతే అందరి రాతలూ పోతాయి.

"జరసేపు బంద్ చేస్త బిడ్డా, డిస్కు ఖరాబైతున్నది" అన్నాడు దగ్గర్లో ఉన్న శ్రీలక్ష్మితో. వాళ్లమ్మ తిమ్మమ్మ పాలమూరు నుంచి వచ్చి స్లాబు పనుల్లో కంకర మోస్తుంది.

"రేపే టైపింగ్ టెస్టు సార్. ఇంట్ల కంప్యూటర్ యాడిది? ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతున్నది."

ఆయన స్విచ్ మీది వేలు తీసేశాడు. "సరే, కొట్టుకో. నడుస్తుండంగనే చేస్త."

అది నిదానమైన పని. పక్కన ఇంకో డిస్కు తగిలించి, అన్నీ దాంట్లోకి చేరేదాకా కాచుకోవాలి. మధ్యలో చిక్కడపల్లి ఇంటి నుంచి భార్య పద్మ ఫోన్ చేసింది.

"పొద్దుగాల ఛాతిల పట్టేసిందంటిరి గదా. దవాఖానకు పోదాం, రాండి."

"గ్యాసే పద్మా. ఈ పని ఒక్కటి కానీ, వస్త."

మధ్యాహ్నం దాటాక రాతలన్నీ చేరాయి. పాత డిస్కు మెల్లగా ఊడదీసి గదంతా కలియజూశాడు. ఏ తెరా ఆగలేదు. ఎవరూ తల ఎత్తలేదు. సంచిలోంచి బత్తాయి తీసి ఒలుచుకుంటూ కాసేపు పిల్లల మధ్య అటూ ఇటూ తిరిగి, కుర్చీలో గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం శ్రీలక్ష్మి ఇటు తిరిగి, "అయిపోయింది సార్, తప్పులు శాన తగ్గినయి" అంది. ఆయన కళ్లు తెరవలేదు. చెయ్యి ముట్టుకుంది. చల్లగా ఉంది.

మెస్సువాళ్లు పరుగున వచ్చారు. పద్మ వచ్చింది. ఇరుకు మెట్ల మీంచి ఆయన్ను జాగ్రత్తగా కిందికి దించారు. యంత్రం ఆపాలని ఎవరికీ తోచలేదు.

బ్యాగు కోసం వెనక్కి వచ్చిన శ్రీలక్ష్మి అప్పుడు చూసింది. తన కీబోర్డు పక్కన, చించిన తెల్లకాగితం మీద, ఈనెలు తీసి సర్దిన బత్తాయి తొనలు, అంచులు అప్పుడే ఎండుతూ.