దుప్పట్ల కింద మడి

మా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయేనాటికి, కాలనీ తోటలోని మా మడిలో కాలీఫ్లవర్ నారు నాటి నెల దాటింది. చలికాలమంతా నేలలోనే ఉండి వసంతంలో పువ్వు కట్టే రకం. వసంతం వెళ్లేలోగా పంట తీయకపోతే మడి వేరేవాళ్లకిస్తామని తోట గుమాస్తా చెప్పిపోయాడు.

మూడో అంతస్తు కిటికీలోంచి ఆ మడి కనిపిస్తుంది. ఆయన మంచం అక్కడికే జరిపాను. ముద్ద నోట్లో పెడుతున్నా చూపు దాని మీదే. అది కూడా పోతే ఆయన దేనికోసం కళ్లు తెరుస్తారో నాకు తెలియదు.

మొదటి మంచుకే ఆకులు వాడాయి. పాత దుప్పట్లు కప్పి వచ్చాను. మర్నాడు ఆయన ఎడంచేత్తో తన మీది దుప్పటి లాగి కింద పడేసి, కిటికీ వైపు వేలు చూపించారు.

"ఇది కూడా వాటికే కప్పమంటారా?"

గొంతులోంచి మూలుగు వచ్చింది. తాను వణికినా సరే, మొక్క బతకాలనుకునే మనిషి. కళ్లు తుడుచుకుని అదీ పట్టుకెళ్లి కప్పాను. సందుల్లో ఎండుగడ్డి కుక్కాను. ఆయన రోజూ విసిరేసేవారు. నేను ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే మోశాను. ఆయనకొక్కటి ఉంచి, నేను చీరలు కప్పుకుని పడుకున్నాను.

పక్కమడి పిన్ని నవ్వేది. "ఏమేవ్, మొక్కల్ని బాలింతల్లా చుట్టబెట్టావు. చెవుల్లో దూది కూడా పెడతావా?"

"నీవి చూసుకో పిన్నీ. ఆకులు మాడి ఏడుస్తున్నాయి."

వసంతం చివరికొచ్చింది. నా మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఒక్కోదాని నడినెత్తి విప్పి చూశాను. ఆకు, ఆకులో ఆకు. ఒక్కదానికీ పువ్వు లేదు. పిన్ని మడిలో మాడిన ఆకుల మధ్య గుప్పెడేసి తెల్లటి పువ్వులు.

పిన్ని ఈసారి నవ్వలేదు. "దానికి చలి తగలాలే. వారాల తరబడి తగిలితేనే పువ్వు కడుతుంది. నాకీ సంగతి చెప్పిందే మీ ఆయన. ఆయనే సైగలతో ఏదో కొత్త పద్ధతి చేయిస్తున్నాడనుకున్నా. నీకు చెప్పలేదా?"

చెప్పారు. చలికాలమంతా రోజూ చెప్పారు.

గుమాస్తా శుక్రవారం వస్తాడు. ఇంకా రెండు రోజులే. మెట్లెక్కి వచ్చి మంచం అంచున కూర్చున్నాను.

"కప్పినవి తీసెయ్యమన్నారు కదూ?"

ఆయన నా చేతుల మట్టి కేసి చూశారు. కిటికీ కేసి చూడలేదు. దుప్పటి విసిరేస్తారేమోనని ఎదురుచూశాను. విసిరేస్తే బావుండుననుకున్నాను.

ఎడంచేత్తో దాన్ని మెల్లగా గడ్డం దాకా లాక్కుని, గోడ వైపు తిరిగారు.