నైలాన్ వలకి కషాయం

కాగులో కర్ర పెట్టి ఎత్తితే వల రాలేదు. నల్లటి ముద్ద ఒకటి తీగలు సాగుతూ పైకి లేచింది. మా అత్త కూర్మమ్మ కర్ర వదిలేసి ఇసుకలో చతికిలబడిపోయింది.

మా పది ఇళ్లూ కలిసి పెట్టుకున్న జాలర్ల సంఘానికి వచ్చిన మొదటి నైలాన్ వల అది. దాని మీద భరోసాతోనే మా మగాళ్లు సావుకారు నరసింగరావు పడవ దిగేశారు. పట్టేది వీళ్లు, సగానికి పైగా చేపలు ఆయనవి. మాకు తెప్పలున్నాయి, పాత నూలు వలలు చివికిపోయాయి, లేనిది మంచి వలే. ఇక మీ గుమ్మం తొక్కం అని నా మొగుడు అసిరయ్య ఆయన మొహం మీదే చెప్పి వచ్చాడు.

వల తెచ్చిన మత్స్యశాఖ ఆఫీసరు గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, "మీ పాత వలల్ని ఎలా చూసుకుంటారో దీన్నీ అలాగే చూసుకోండి" అన్నాడు. మహానుభావుడు! మేమెలా చూసుకుంటామో ఒక్కసారి అడిగితే కదా. నూలు కుళ్లిపోకుండా కొత్త వలని తంగేడు చెక్క కషాయంలో ఉడకబెట్టనిదే మా పేటలో ఎవరూ సముద్రంలో వెయ్యరు. నైలానుకి ఆ అవసరం లేదని మాకెవరు చెప్పారు?

"ఒసే తవిటీ, మంట సన్నంగా ఉండాల. నీళ్లు ఇగిరిపోకుండా సూడు" అని ఆ పొద్దున నాకు చెప్పి అత్త ఇంకొంచెం చెక్క కోసం వెళ్లింది. నేను తొందరమనిషిని. త్వరగా అయితే రేపే వేటకి పోవచ్చని సరుగుడు కర్రలు నాలుగు ఎగదోసి, పక్కింటి దాలమ్మతో కబుర్లలో పడ్డాను. వాసన వచ్చి నేనూ, అప్పుడే తిరిగొచ్చిన అత్తా చూసేసరికి కాగులో చుక్క నీరు లేదు. నూలు వలైతే అడుగున కాస్త కమిలేదేమో. ఇది మొత్తం కరిగిపోయింది.

మగాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.

"ఏటిది? మంటెవులెట్టినారు?" అని అరిచాడు అసిరయ్య.

నేను నోరు తెరిచాను. అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"నానేరా. కూకుని కునుకు తీసినాను" అంది.

వాళ్లంతా అత్తని నోటికొచ్చినట్టు తిట్టారు. అందరికంటే ఎక్కువ తిట్టింది కన్నకొడుకే.

"ఎందుకలాగ సెప్పినావత్తా?" అన్నాను, వాళ్లు వెళ్లాక.

"ముసిల్దాన్ని. నాలుగు రోజులు తిట్టి ఒగ్గెస్తారు. నిన్నయితే సచ్చీదాకా ఎత్తిపొడుస్తారే."

మర్నాడు మగాళ్లు తలలు దించుకుని మళ్లీ నరసింగరావు పడవే ఎక్కారు.

నాలుగు రోజులంది అత్త. నెలైంది. అసిరయ్య తల్లితో మాట్లాడడం లేదు. నేనింకా నోరు విప్పలేదు.