తొమ్మిదో అంశం

సన్మానం చేస్తామని చెప్పగానే టైలరమ్మ మొదట అడిగిన మాట, "ఎందుకు, నేనేం చేశాను?" అని. ఏదో దొంగతనం అంటగట్టినట్టు అడిగింది.

చెప్పినవాడు స్వయానా మరిది. బ్యాంకు మేనేజరుగా రిటైరై ఎనిమిది నెలలైంది. ఇంట్లో తన మాట చెల్లకపోయేసరికి వచ్చి చర్చి సంఘం మీద పడ్డాడు. ఆ లూథరన్ సంఘంలో కార్యదర్శి పదవికి పోటీపడేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. దాన్ని ప్రజాదరణ అనుకున్నాడు.

"ఇరవై ఆరేళ్ళుగా ఏమీ ఆశించకుండా సేవ చేస్తున్నారు వదినా. మీలాంటివాళ్ళు మొత్తం ఎనిమిది మంది తేలారు. గంట కొట్టే తాతయ్య, మైకు చూసే ఎలక్ట్రీషియను, సండే స్కూలు పంతులమ్మ, ముసలివాళ్ళని వ్యానులో తీసుకొచ్చే డ్రైవరు... అందరికీ కలిపి ఒకే ఆదివారం."

"కలిపి చేస్తే బిస్కెట్లు కలిసొస్తాయా?"

"సన్మానం మీ చేతులకి వదినా, మీ నోటికి కాదు."

టైలరమ్మ బతుకుతెరువు స్కూలు యూనిఫారాలు కుట్టడం. సంఘంలో ఆమె పని బలిపీఠం మీద, అంటే పాస్టరు ఎదుట నిలబడి ఆరాధన నడిపే బల్ల మీద, గుడ్డ మార్చడం. వినడానికి 'ఇంతేనా' అనిపిస్తుంది. కానీ లూథరన్‌లకి ఏడాదంతా రంగుల లెక్కే. క్రిస్మసుకి ముందు ఊదా, క్రిస్మసుకి తెలుపు, ఈస్టరుకి ముందు శ్రమల కాలానికి మళ్ళీ ఊదా, పెంతెకొస్తు పండక్కి ఎరుపు. ఆ తర్వాత త్రిత్వకాలమంతా ఆకుపచ్చ; అది సంసారం లాంటిది, సగం ఏడాదైనా తెమలదు. శుభ శుక్రవారానికీ, భూస్థాపనలకీ నలుపు. ఒక్కో గుడ్డ తొమ్మిదడుగులు. ఎంబ్రాయిడరీ నలగకుండా తిరగేసి, పైన తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యాలి.

ఈ పని ఆమెకి అప్పగించింది అప్పటి పాస్టరు, ఇప్పుడు రిటైరైన పెద్దయ్యగారు. "పాస్టరు మర్చిపోవచ్చమ్మా. జనం ఎలాగూ మర్చిపోతారు. బలిపీఠం మాత్రం మర్చిపోకూడదు. నేనైతే కేలండరు చూడను, గుడ్డ చూసి పుస్తకం తెరుస్తాను" అన్నాడాయన.

ఇంత బరువైన మాట విని టైలరమ్మ ఒప్పుకుందని అందరూ అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆమె భర్త తువ్వాలు ఎక్కడుందో ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్న మనిషి. అది తలుపు వెనక మేకుకే ఉంటుంది. ఆయన మాత్రం దాన్ని వెతకడు, టైలరమ్మని వెతుకుతాడు. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బలిపీఠం వెనక గదిలో గుడ్డల బీరువా, ఇస్త్రీ బల్ల, ఒక కిటికీ, టైలరమ్మ, అంతే. దేవుడి దయవల్ల ఆ గదిలో ఫోనుకి సిగ్నలు అందదు. వారం మొత్తంలో ఆమెని ఎవరూ పిలవని రెండు గంటలు అవే. ప్రార్థన చేసుకుంటుందనుకుని పంతులమ్మ ఆ గుమ్మం ముందు కాలిమునివేళ్ళ మీద నడిచేది. లోపల టైలరమ్మ చెప్పులు విప్పి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, ఏమీ ఆలోచించకుండా కూర్చునేది. అదీ ప్రార్థనే అయితే కావచ్చు, ఆమెకి అభ్యంతరం లేదు.

కార్యక్రమం కాగితం బుధవారం వచ్చింది. టైలరమ్మ కుట్టుమిషను ఆపి పైనుంచి కిందకి చదివింది. ఎనిమిదో అంశం, ప్రశంసాపత్రాలూ గోడ గడియారాలూ అందజేత. తొమ్మిదో అంశం, బీరువా తాళంచెవి అప్పగింత. పదో అంశం, అన్ని కాలాలకూ పనికొచ్చే నూతన వస్త్రం ఆవిష్కరణ.

తొమ్మిది దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మరిదికి ఫోను చేసింది.

"ఏంటిది?"

"మీకు విశ్రాంతి వదినా. క్రీము రంగు తెప్పించాను. ముడత పడదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఏడాది పొడవునా అదే."

"పెళ్ళికీ చావుకీ ఒకటేనా?"

"మనుషులు వాళ్ళే కదా."

"కొలత చూసుకున్నావా?"

"ఫొటో చూశాను."

భర్తకి చెబితే ఆయన పేపరు దించి, నిజమైన ప్రేమతో, "మంచిదేగా. ఇకనుంచి శనివారాలు ఇంట్లోనే ఉంటావు" అన్నాడు. ఆ వారంలో ఆమె విన్న అన్ని మాటల్లోకీ అదే ఘోరమైనది.

శనివారం పొద్దున్నే మరిది వచ్చి తాళంచెవి పట్టుకుపోయాడు. "రేపు మీరు అతిథులు. ఎనిమిది మందిలో ఒక్కరు కూడా వేలు కదపకూడదు. అన్నీ కమిటీ చూసుకుంటుంది." ఆదివారం ఉదయం చర్చి గేటు దగ్గరే దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదిగో, తీసుకోండి. తొమ్మిదో అంశంలో మళ్ళీ నాకే ఇవ్వాలి. కాస్త నవ్వుతూ ఇవ్వండి, ఫొటో ఉంటుంది."

ఎనిమిది మందినీ ముందు వరసలో కూర్చోబెట్టి, ఒళ్ళో తలా ఒక పూలగుత్తి పెట్టారు. ఎదురుగా గోడనిండా ఫ్లెక్సీ. అందులో ఎనిమిది ఫొటోలు. ఒక్కో ఫొటో కింద సేవ మొదలైన సంవత్సరం, పక్కన చిన్న గీత, ఆ పక్కన ఈ సంవత్సరం.

మైకు మనిషి చాలాసేపు దాన్నే చూశాడు. "నేను పుట్టిన ఏడు తప్పేశారు అక్కా. పోయిన ఏడు మాత్రం కరెక్టుగానే ఉంది" అన్నాడు.

"నవ్వించకు, ఫొటో తీస్తున్నారు" అంది టైలరమ్మ. నవ్వుతూనే బలిపీఠం వైపు చూసి, అలాగే ఉండిపోయింది.

బలిపీఠం మీద నల్లగుడ్డ పరిచి ఉంది.

పోయినవారం ఒక భూస్థాపనకి వాడి, ఇస్త్రీ చేసి ఆమే బీరువాలో పై అరలో పెట్టింది. బంగారు జరీ అంచుతో నిగనిగలాడుతోంది. నలుపు మీద పూలు బాగా కనిపిస్తాయని ఎవరో మెచ్చుకుంటుంటే కార్యదర్శి వినయంగా తలవంచుకున్నాడు.

"ఏమయ్యా, ఎవరు పోయారు?" గుసగుసగా అడిగాడు గంట తాతయ్య. రిటైరైన పోస్టుమాను, ఎవరింట్లో ఏం జరిగినా ముందు తనకే తెలియాలనుకుంటాడు.

"మనమే" అన్నాడు మైకు మనిషి.

టైలరమ్మ లేవబోయింది. ఒక్కమాట చెబితే సరిపోతుంది. కానీ వేలు కదపకూడదన్నారు కదా. చెప్పినమాట అక్షరాలా వినడంలో ఉన్న సుఖం ఆమెకి జీవితంలో ఎప్పుడూ అందలేదు. పూలగుత్తి సర్దుకుని కూర్చుంది.

కమిటీవాళ్ళు లాగితే గంట ఒక్కసారి మోగి, తప్పు చేసినట్టు ఆగిపోయింది. మైకు ఈల వేసింది. మైకు మనిషి చేతులు వాటంతటవే పైకి లేస్తే పంతులమ్మ పట్టుకుని కిందకి దించింది. అప్పుడు వచ్చాడు పెద్దయ్యగారు. పాస్టరుగారు చర్చి పెద్దల సినడు సమావేశాలకి వెళ్ళడంతో ఆరాధన నడిపించమని ఆయన్ని పిలిచారు. ఎనభై ఒక్క ఏళ్ళు, రెండు కళ్ళలోనూ శుక్లాలు. బస్సు ఆలస్యమై, మొదటి కీర్తన సగంలో ఉండగా నేరుగా లోపలికి నడిచాడు. కార్యదర్శి చేతిలో పెట్టిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎప్పటిలాగే బలిపీఠం వైపు చూశాడు.

నలుపు. చుట్టూ పూలు. గోడమీద పెద్ద ఫొటోలు, వాటి కింద పెద్ద అంకెలతో రెండేసి సంవత్సరాలు. ముందు వరసలో పూలు పట్టుకుని తలవంచుకున్న మనుషులు.

ఆయన భుజాలు కుంగిపోయాయి. పుస్తకంలో భూస్థాపన క్రమం తీసి, మైకు దగ్గరగా జరిగాడు.

"ఎనిమిది మంది," అన్నాడు. "ఒకేసారి." కార్యదర్శి వైపు వంగి, సంఘమంతా వినేలా, ఎంతో మెత్తగా అడిగాడు. "ఎలా జరిగింది నాయనా?"

కార్యదర్శి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. దాన్ని దుఃఖం అనుకుని పెద్దయ్యగారు ఆయన భుజం తట్టాడు. "ముందు వరసలో ఉన్న కుటుంబసభ్యులు ధైర్యం తెచ్చుకోవాలి. వీళ్ళు చేసిన సేవ బతికుండగా మనం గుర్తించలేదు. అందరం లేచి నిలబడదాం."

"నేను లేవాలా, పడుకోవాలా?" అన్నాడు గంట తాతయ్య.

పంతులమ్మ పూలగుత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరిదో దగ్గు నవ్వుగా తేలింది. ఆ నవ్వు వరస నుంచి వరసకి పాకి ముందుకొచ్చింది. అంతవరకూ టైలరమ్మ సుఖంగానే ఉంది. మరిది మొహం చూసి ఒక వారానికి సరిపడా సంతోషం మూటగట్టుకుంది కూడా. కానీ నవ్వుతున్నవాళ్ళ చూపు మరిది మీద లేదు. పెద్దయ్యగారు పుస్తకం కళ్ళకి ఆనించుకుని, నవ్వు ఎందుకో అర్థంకాక, పేజీ తప్పిందేమోనని వెనక్కి తిప్పుకుంటున్నాడు.

పేజీ తప్పలేదు. ఆయన ఏనాడూ పేజీ తప్పలేదు. తప్పింది గుడ్డ.

టైలరమ్మ పూలగుత్తి మైకు మనిషి ఒళ్ళో పడేసి లేచింది. వెనక గదిలోకి వెళ్ళి బీరువా తెరిచింది. దాని తలుపుని మోకాలితో కాస్త ఎత్తాలి; కమిటీ ఆ సంగతి తెలియక పెనుగులాడినట్టు కొత్త గీతలు పడి ఉన్నాయి. మూడో అరలో ఆకుపచ్చది ఉంది. బల్ల కింద, కవరులోంచి సగం బయటికి లాగి, ఉండచుట్టి తోసేసిన క్రీము గుడ్డ ఉంది. కంటితోనే కొలిచింది. ఆరడుగులు. తొమ్మిదడుగుల బలిపీఠానికి ఆరడుగులు. నల్లగుడ్డ ఎందుకు బయటికొచ్చిందో అర్థమైంది. ఫొటోలో బాగానే ఉండి ఉంటుంది పాపం.

బయటికొచ్చి, పూలు కిందపెట్టి, నలుపు చుట్టి చంకన పెట్టుకుని, ఆకుపచ్చ పరిచింది. అంచులు రెండు పక్కలా సమంగా వేలాడేదాకా లాగింది. నిమిషన్నర పట్టింది. ఈలోగా మైకు మనిషి కూడా లేచి మీటేదో తిప్పడంతో ఈల ఆగిపోయింది. నవ్వూ ఆగింది.

పెద్దయ్యగారు తలెత్తాడు. ఆకుపచ్చని కొంతసేపు తేరిపారా చూశాడు. రెండు అడుగులు వేసి గుడ్డ అంచు తడిమాడు.

"టైలరమ్మేనా?"

"నేనేనండి."

"త్రిత్వకాలం."

"అవునండి. పదకొండో ఆదివారం."

"అయితే వీళ్ళెవరూ పోలేదన్నమాట."

"ఇంకా లేదండి."

"సంతోషం" అన్నాడాయన మైకులో. పుస్తకం చకచకా తిప్పి సరైన చోట ఆగాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి. బతికున్నవాళ్ళ ఆరాధన కొంచెం పొడుగు."

ఆరాధన అయ్యాక ఎనిమిదో అంశం నడిచింది. ఎనిమిది ప్రశంసాపత్రాలు, ఎనిమిది గడియారాలు. ఫొటోలు తీస్తున్నప్పుడు గంట తాతయ్య ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు, ఫ్లెక్సీకి న్యాయం చెయ్యాలని. తర్వాత కార్యదర్శి కాగితం చూసుకుని గొంతు సవరించుకున్నాడు. కాగితం మడవబోయాడు.

టైలరమ్మే లేచి వెళ్ళి, అరచేతిలో తాళంచెవి పెట్టుకుని చెయ్యి చాపింది. చెప్పినట్టే నవ్వింది కూడా.

"తొమ్మిదో అంశం, మరిదిగారూ."

ఆయన తాళంచెవి వంక చూశాడు. బలిపీఠం వంక చూశాడు. దాని పక్కన, ఆకుపచ్చ అంచుని ఇంకా వదలకుండా కుర్చీలో కూర్చున్న పెద్దయ్యగారి వంక చూశాడు. ఆయన్ని 'ఎలా జరిగింది నాయనా' అని ఇంకోసారి అడగనివ్వడం కార్యదర్శికి ఇష్టం లేనట్టుంది.

"అది... ఉంచండి వదినా. అచ్చుతప్పు."

"పదోదో?"

"అదీ అచ్చుతప్పే."

మరుసటి శనివారం రెండింటికి టైలరమ్మ వెనక గది తలుపు వేసుకుంది. నల్లగుడ్డ మడత చూసి ఈసారి అడుగు అరలోకి మార్చింది. గోడ గడియారాన్ని కిటికీ పక్కన తగిలించింది. నాలుగు ఎప్పుడవుతుందో ఇక వెలుతురు చూసి పోల్చుకోనక్కర్లేదు. ఇస్త్రీ బల్లకి ఒక కాలు పొట్టి. ఇరవై ఆరేళ్ళుగా దాని కింద పెట్టడానికి సరైన మందం ఉన్నదేదీ దొరకలేదు. ప్రశంసాపత్రం చట్రంతో సహా అమరినట్టు సరిపోయింది.

బల్ల మీద పాత దుప్పటి తీసేసి క్రీము గుడ్డ పరిచింది. ఆరడుగులు. అటూ ఇటూ ఒక్క అంగుళం తేడా లేదు. మరిది చెప్పింది నిజమే, ముడత పడలేదు.

చెప్పులు విప్పి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుంది.