పదిహేడో వరస

లెక్కకు లొంగని అంకె కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పాడు గుణమే మల్లయ్య కొంప ముంచింది.

మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీ మాది. బంగారంతో కంటికి కనపడనంత చిన్న రేణువులు తయారుచేస్తాం. ఒక్కోదానికి పల్లేరుకాయకున్నట్టు చుట్టూ ముళ్లు. గుండెకి దెబ్బ తగిలితే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ఆ ముళ్లకి అంటుకోగానే రేణువులు కలిపిన ద్రవం రంగు రవ్వంత మారుతుంది. కంటికి ఆనని ఆ తేడాని మిషన్ అంకెగా చెబుతుంది. ముళ్లు ఎంత పొడవుండాలో తేల్చడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. రసజ్ఞ చేతిలో బంగారం కూడా మాట వింటుందని మా బాస్ నన్ను మెచ్చుకుంటే తెగ పొంగిపోయాను.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంతో పోల్చి చూడాలి కదా. బిల్డింగ్‌లో పనిచేసే ముప్పైమందిని బతిమాలి, ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, తలా ఓ చిన్న ట్యూబు రక్తం తీసుకున్నాం. గేటు దగ్గర సెక్యూరిటీ మల్లయ్య పదిహేడోవాడు. "తీస్కో మేడం, జనగామ రక్తం, గట్టిగుంటది" అని నవ్వుతూ చెయ్యి చాపాడు.

ఇరవై తొమ్మిది అంకెలు బుద్ధిగా దగ్గరదగ్గరగా కూర్చున్నాయి. పదిహేడోది మాత్రం నాలుగింతలు. ఫ్లాస్కు సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. మళ్లీ చేయాలంటే ఓ పూట పోతుంది, మర్నాడే పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు. పట్టికలో ఆ పదిహేడో వరస కొట్టేశాను. అంతకుముందు విడతలో రక్తమిచ్చినవాళ్లవీ రెండు ఇలాగే కొట్టేశాను. గ్రాఫు ముచ్చటగా తయారైంది.

మూడో రోజు లిఫ్టు దగ్గర మల్లయ్య ఆపాడు.

"నా రక్తం ఎట్లున్నది మేడం?"

లిఫ్టు వచ్చేసింది. "బాగానే ఉంది" అన్నాను, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది.

రెండు వారాల తర్వాత గేటు దగ్గర ఎవరో కొత్తమనిషి. మా ఫ్లోర్ తుడిచే భాగ్యమ్మ, మల్లయ్య భార్య, ఆవిడా రాలేదు. అడిగితే కొత్తమనిషి చెప్పాడు: "మల్లన్నకు హార్ట్ ఎటాకొచ్చింది మేడం. గచ్చిబౌలిల దవాఖానల ఉన్నడు."

నేను తిన్నగా ఫ్రీజర్ దగ్గరికి వెళ్లాను. పదిహేడో ట్యూబు ఇంకా ఉంది. ఫ్లాస్కు రెండుసార్లు కడిగి, రెండుసార్లు పరీక్ష చేశాను. రెండుసార్లూ అదే నాలుగింతలు. నేను చేసిన ముళ్లు నిజమే చెప్పాయి. ఎనిమిది నెలలు దేనికోసం కష్టపడ్డానో అది జరిగిన రోజున, నమ్మకుండా కొట్టిపారేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం బత్తాయిలు కొనుక్కుని దవాఖానకి వెళ్లాను. మల్లయ్య సగమైపోయి ఉన్నాడు. గుండె సగమే పనిచేస్తోందట, ఇక నిలబడే డ్యూటీ కుదరదట. భాగ్యమ్మ నాకు స్టూలు జరిపింది.

"రెండు దినాలు ఛాతిల నొప్పి అంటుండె మేడం. దవాఖానకు పోదాం పా అంటే, మేడం మిషన్ల చూసింది, ఫికర్ లేదన్నది, అని పండుకున్నడు."

అంతా చెప్పేశాను. పదిహేడో అంకె, మర్నాటి మీటింగు, లిఫ్టు, అన్నీ.

"పోనీ తియ్ మేడం. కొత్త మిషన్ గదా" అన్నాడు మల్లయ్య.

"మిషన్ మంచిగనే చెప్పిందంట. ఈమెనే చెప్పలె" అంది భాగ్యమ్మ, గొంతు పెంచకుండానే. తర్వాత నావైపు తిరిగింది. "ఇంకెందరివి కొట్టేసినవ్?"

"ఇద్దరివి."

"ఎవలు వాళ్లు?"

నంబర్లు తప్ప నాకేం గుర్తులేదు. "పేర్లు ఆఫీసులో ఫైల్లో ఉన్నాయి" అన్నాను.

భాగ్యమ్మ బత్తాయిల సంచి తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"మరి ఈడ కూసున్నవేంది? పో."