వెనక గీత

మా రాకెట్‌బాల్ కోర్టుకి మూడే గోడలు. ముందొకటి, పక్కలకి రెండు. పైకప్పు లేదు, వెనక గోడ అంతకన్నా లేదు. అందుకే మాకు వెనక గీత ప్రాణం. ముందు గోడకి కొట్టిన బంతి ఆ గీత దాటి నేలకి తగిలితే అవుట్. కాలిఫోర్నియా ఎండకీ, సముద్రపు గాలికీ ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. అక్కడ కాంక్రీటు అడ్డంగా పగిలి ఒక బీట ఉండేది. అదే గీత అనుకుని ఏళ్ల తరబడి ఆడేశాం. మా తెలివి అలాంటిది.

కిందటి వారం నగరపాలక సంస్థ వాళ్లొచ్చి నేలంతా కొత్తగా వేశారు. ముందు గోడ నుంచి టేపు పట్టి, సరిగ్గా నలభై అడుగుల దగ్గర తెల్లగీత గీశారు. మర్నాడు పొద్దున్నే యులాలియా వచ్చి, పక్కగోడ మొదట్లో ఇంకా మిగిలిన బీట కొసని చూసింది. అక్కణ్ణించి కొత్త గీత దాకా కొలిచింది. రెండడుగులు వెనక్కి!

"ఫౌస్తినో! ఇలా తగలడు!" అని కేక పెట్టింది.

ఫౌస్తినో ఆమె చెల్లెలి మొగుడు. 1999 ఫైనల్లో ఇద్దరూ పద్నాలుగు-పద్నాలుగు మీద ఉన్నారు. పదిహేను ఎవరు కొడితే వాళ్ల పేరు కంచెకి వేలాడే పలక మీదికెక్కుతుంది. సర్వ్ చేసేవాళ్లకే పాయింటు, ఆ సర్వ్ యులాలియాది. ఆమె కొట్టిన బంతి బీటకి జానెడు అవతల పడింది. అవుట్ అన్నారు. సర్వ్ అతని చేతికి పోయింది, ఆటా పోయింది. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ తమాలేలు, అంటే మొక్కజొన్న పిండి పొట్లాలు, వడ్డిస్తుంటే ఫౌస్తినోది ఒకటే పాట: "పలక మీద పేరున్నవాళ్లకి ముందు!"

"ఆ రోజు నా బంతి లోపలే పడింది మరిదీ."

"అప్పుడు అందరం బీటనే గీత అనుకున్నాం కదా వదినా!"

"నాకు అరవై ఎనిమిది. ఆ పలక మీద నా పేరు నా కళ్లతో చూసుకోవాలి. నవ్వులాట కాదు."

నాకు మనసు చివుక్కుమంది. మోకాళ్లు అరిగినప్పటినుంచి ఈ బెంచీ మీద కూర్చుని తగువులు తీర్చేది నేనే.

"తగువు పడ్డ పాయింటు మళ్లీ ఆడాలి. అదే రూలు," అన్నాను.

"ఇరవై ఆరేళ్ల తర్వాతా?" అన్నాడు ఫౌస్తినో.

"రూల్లో గడువు లేదు. రాకెట్ తియ్యి."

చేపల టాకోలు తింటున్నవాళ్లు కూడా లేచి కంచె దగ్గరికి వచ్చేశారు. సర్వ్ చేసిన బంతి గోడకి తగిలి కోర్టు మధ్యనున్న నడిగీత దాటి పడాలి; యులాలియా మొదటిది దాటలేదు. ఇంకొక్క అవకాశం. రెండోది నడిగీత దాటి సరిగ్గా పడింది. ఫౌస్తినో తిప్పికొట్టాడు, ఆమె మూలకి కొట్టింది, అతను ఎలాగో లాగాడు. ఆమె బలమంతా పెట్టి ఎత్తుగా కొట్టింది. బంతి గోడకి తగిలి అతని తల మీదుగా వెనక్కి వెళ్లింది.

ఫౌస్తినో నాలుగంగల్లో వెనక్కి పరిగెత్తాడు. అందుకునేవాడే. కానీ పాత బీట ఉన్న చోటికి రాగానే టక్కున ఆగి, రాకెట్ దించి, దర్జాగా చెయ్యెత్తాడు.

"అవుట్!"

బంతి అతని వెనకాల, తెల్లగీతకి బెత్తెడు లోపల పడింది.

అందరం ఫౌస్తినో వైపు తిరిగాం. ఇక్కడ రిఫరీ లేడు, దగ్గరున్నవాడే చెప్పాలి. ఫౌస్తినో గీతని చూశాడు, తన కాళ్లని చూసుకున్నాడు.

"లోపలే పడింది వదినా," అన్నాడు. "ఈ దిక్కుమాలిన కాళ్లకి కొత్త గీత సంగతి ఎవరూ చెప్పలేదు!"

అని కడుపు పట్టుకుని నవ్వాడు. మేమంతా గోల గోల. నాకు మోకాళ్లున్న సంగతే గుర్తు లేదు, బెంచీ ఎక్కి ఈల వేశాను.

ఫౌస్తినో తనే కుంచె తెచ్చి, 1999 పక్కన తన పేరు కొట్టేసి ఆమె పేరు రాశాడు. మా దగ్గర ఓడినవాడు రాకెట్‌ని కంచెకి తగిలించి వరసలో చివరికి పోవాలి, గెలిచినవాళ్లు కోర్టులోనే ఉండాలి. అతను బుద్ధిగా వెళ్లి తగిలించాడు.

యులాలియా పలక వంక చూసి కళ్లు తుడుచుకుంది. తర్వాత కోర్టు మధ్యకి వెళ్లి, బంతిని రెండుసార్లు నేలకి కొట్టింది.

"తర్వాతెవరు? రండి!"